పరిపాలనా సంస్కరణములు: ఫలపరీక్ష

  

 మేము చిరకాలము బడిపిల్లలకు తెలుగును, సంస్కృతమును బోధించి విశ్రాంతి నొందినవారము. రాజ్యతంత్రమున మాకు విశేష పాండిత్యము లేదు. అయినను నేడు మేము గైకొనిన విషయము, ప్రభుత్వములు తమ పరిపాలనయందు చేసిన సంస్కరణముల ఫలమును ఎట్లు పరీక్షింపవలె ననునది.

వధూవరుల పరిచయము, విద్యార్థివేతనములు, వసతిగృహ నిర్మాణము మొదలగు కార్యములకై కూడిన కులసభలో ఈ ప్రసంగమేల యని కొందరికి తోచవచ్చును. దానికి మా సమాధాన మిది. మన సభ యేటేట చేయుచున్న తీర్మానములను ఒకమారు తిరుగవేసి చూడుడు. పట్టాదారు పుస్తకము రాలేదనియు, ధ్రువీకరణ పత్రమునకై నెలలు గడచుచున్నవనియు, వృద్ధుల పింఛను ఆగిపోయిన దనియు మొరలే పెక్కు కాననగును. మరియు నీ మందిరమున కూర్చున్నవారిలో అర్జీ చేతబట్టి కచేరీల చుట్టు తిరిగినవారు కలరు. ఆ యర్జీలను అందుకొను బల్లల వెనుక కూర్చుండు ఉద్యోగులును కలరు. ఇరువురును మనవారే. కావున నీ విషయమును నిష్పక్షపాతముగా విచారించుటకు మన సభకంటె తగిన చోటు లేదు. ఇంతకంటె కష్టమైన చోటును లేదు.

ముందుగా శబ్దార్థమును చూతము. సంస్కార మనగా నున్న దోషమును తొలగించుటయో, లేని గుణమును చేర్చుటయో యని మన శాస్త్రకారుల మతము. కాబట్టి యొక సంస్కరణమును గూర్చి విన్నపుడెల్ల మన మడుగవలసినవి మూడు ప్రశ్నలు. ఏ దోషము తొలగెను? ఏ గుణము చేరెను? ఎవనికి చేరెను? ఈ మూడవ ప్రశ్న తరచుగా మరుగున పడుచున్నది.

పరీక్ష యనునది పాశ్చాత్యులు నేడు క్రొత్తగా కనిపెట్టినది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున ద్వితీయాధికరణమందు, ఉద్యోగులు రాజధనము నపహరించు నుపాయములు నలుబది యని లెక్కించి, ఆ వెంటనే నియుక్తులైనవారిని పరీక్షించుటకై ప్రత్యేకముగా నొక అధ్యాయము వ్రాయబడినది. ఆ పరీక్ష రాజుకొరకు. ప్రజాస్వామ్యమున రాజు స్థానమున ప్రజ కూర్చుండెను గనుక పరీక్షించు భారమును ప్రజపైననే పడినది. ఆ భారమును మోయుటకు సాధనమేది యన్నచో, తర్కశాస్త్రమున మనవారు చెప్పిన ప్రమాణములే చాలునని మా విశ్వాసము. శబ్దము, ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము అను నాలుగింటిని ఒక్కొక్కటిగా గైకొందము.

మొదటిది శబ్దము. అనగా ఆప్తుడు చెప్పిన మాట. సంస్కరణ విషయమున మనకు మొదట వినవచ్చునది ప్రభుత్వ ప్రకటనయే. ఇచ్చట చిక్కేమనగా, పని చేసినవాడే తన పనికి సాక్షియు నగుచున్నాడు. ఒక నిదర్శనమును మనవి చేసెదము. 1998 లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము రిజిస్ట్రేషను కచేరీలలో కంప్యూటర్లను ప్రవేశపెట్టి దానికి ‘కార్డు’ అని పేరిడెను. అంతకుముందు దస్తావేజును చేతితో నకలు వ్రాయుటకు దినములు పట్టెడిది. ఆస్తి విలువ కట్టుటయందు గుమాస్తా చెప్పినదే వేదము. ఈసీ కావలెనన్న పాత సూచికలను పుటపుటయు వెదకవలసి యుండెడిది. ఇక మీదట గంటలో పని యగుననియు, లంచమునకు తావుండదనియు ప్రకటనలు వెలువడెను. దేశ విదేశములలో ఈ పథకమునకు ప్రఖ్యాతి కలిగెను.

అటుపిమ్మట 2004 లో జోనథన్ కేస్లీ అను పరిశోధకుడు ఈ పథకమును పరిశీలించి ‘ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’ పత్రికలో నొక వ్యాసము ప్రకటించెను. దాని శీర్షికలోనే ఈ పథకమును భవనమునకు ముందువైపు తీర్చిన అలంకారముతో పోల్చెను. కంప్యూటరు వచ్చినను దస్తావేజు లేఖరి మధ్యవర్తిత్వము పోలేదనియు, చేతులు మారు ధనము ఆగలేదనియు అతని వాదము. ఈసీ తీయుట సులభమైన మాట నిజమే. కాని తొలగింతుమని చెప్పిన ప్రధానదోషము తొలగెనా యన్న ప్రశ్నకు ప్రకటనలలో సమాధానము లేదు. ఎన్ని కచేరీలలో యంత్రములు పెట్టిరో, ఎన్ని దస్తావేజులు నమోదైనవో ఆ లెక్క మాత్రమున్నది. యంత్రములు పెట్టుట చేసిన పని యగును; ఫలము కాదు. వంటకు తెచ్చిన బియ్యపు బస్తాలను లెక్కించి యెందరి యాకలి తీరెనో చెప్పజాలము గదా!

రెండవది ప్రత్యక్షము. స్వానుభవముకంటె బలవత్తరమైన ప్రమాణము లేదని యందురు. మా యనుభవ మొకటి వినుడు. మా సోదరుడు కాలధర్మము నొందిన పిదప, అతని కొలది మాగాణిని అతని భార్య పేర మార్పించుటకు మేము అర్జీ పెట్టితిమి. నిర్ణీత దినములలోపల సెల్‌ఫోనునకు సందేశము వచ్చెను: ‘మీ అర్జీ పరిష్కరింపబడినది’. సంతోషించి వెళ్లి చూడగా, పేరులో నొక అక్షరము ఆధారు కార్డుతో సరిపోలలేదని తిరస్కరించి యుండిరి. దానిని సవరించి, మరల రుసుము చెల్లించి, రెండవమారు పెట్టితిమి. గడువులోపలనే మరల ‘పరిష్కరింపబడినది’ అని సందేశము. ఈసారి కుటుంబసభ్యుల ధ్రువపత్రము పాతదట. మూడవమారును అట్లే యయ్యెను. నాల్గవ యర్జీకి పని జరిగెను. వృద్ధురాలైన మా వదినగారు నాలుగు మారులును ఆటోలో మావెంట వచ్చినది.

ఆ కచేరీ పేరు మాకు ముఖ్యము కాదు. అచ్చటి యుద్యోగి దుర్మార్గుడును కాడు. గడువు దాటిన అర్జీకి అతడు పైవారికి సంజాయిషీ చెప్పుకొనవలెను గాని, తిరస్కరించిన అర్జీకి చెప్పుకొననక్కరలేదు. మాకు విస్మయము కలిగించిన దొక్కటే. ఆ నెలల లెక్కలలో మా వదినగారి యొక్క కష్టము, గడువులోపల పరిష్కరింపబడిన నాలుగు అర్జీలుగా నమోదైనది. ఒక్క ముసలిదాని నాలుగు ప్రయాణములు కాగితముపై నాలుగు విజయములయ్యెను! ఏ లెక్కతో ఉద్యోగిని కొలుతుమో ఆ లెక్కను అతడు నింపును. కావున లెక్క యేదో నిర్ణయించుటయే సంస్కరణమున సగము.

అయితే ప్రత్యక్షమునకును దోషము లేకపోలేదు. కామెల సోకినవానికి సర్వమును పచ్చగా గనుపట్టును. రాగద్వేషములు గలవాని కంటికి కనబడునది సత్యమని చెప్పరాదు. ఇచ్చట మన కులమునకు మిక్కిలి నొప్పి గలిగించు నొక విషయమును తడవక తప్పదు. పెద్దలు మన్నింతురుగాక.

1984 జనవరిలో నాటి ముఖ్యమంత్రి నందమూరి తారక రామారావుగారి ప్రభుత్వము ఆర్డినెన్సు ద్వారా గ్రామోద్యోగములను రద్దు చేసెను. ఆంధ్రప్రాంతమున మునసబు, కరణములును, తెలంగాణమున పటేలు, పట్వారులును ఒక్క కలముపోటుతో పోయిరి. దానికి మున్ను 1980 లో తమిళనాడున ఇట్లే జరిగెను. 1985 లో సుప్రీంకోర్టు మన రాష్ట్రపు రద్దును ధ్రువపరచెను. మన కులమున తరతరములుగా కరణీకముచే జీవించిన కుటుంబములు పెక్కు కలవు. మా తండ్రిగారును అట్టివారే. ఆ దినములలో మేము ఇరువదేండ్లు దాటిన యువకులము. అడంగలు, పది-ఒకటి లెక్క, సర్వే పటములు, శిస్తు రసీదుల కట్టలు గోనెసంచులలో మూటగట్టి యప్పగించి వచ్చి, మా తండ్రిగారు ఆ రాత్రి భోజనము చేయలేదు. ఏ గట్టు ఎవరిదో, ఏ కాలువ యెన్నడు దారి మళ్లెనో వారికి కంఠస్థము. ఆ జ్ఞానము ఏ సంచిలోనికిని ఎక్కలేదు, వారితోనే పోయినది.

ఇంతవరకు చెప్పినచో ఈ సభ కరతాళధ్వనులు చేయును. కాని సత్య మింతటితో ముగియదు. అడంగలు నకలు కావలసిన రైతు మా యరుగుమీద కూర్చుండెడివాడు కాడు. అరుగు క్రింద నిలుచుండెడివాడు. వచ్చునపుడు గుమ్మడికాయయో, అరటిగెలయో తెచ్చెడివాడు. మా తండ్రిగారు నోరు తెరచి యడిగి యెరుగరు. వద్దని చెప్పగా మేమును వినలేదు. ఆ గుమ్మడికాయల పులుసు తిని మేము చదువుకొంటిమి. దాని వెల యే లెక్కలోను లేదు. కరణములపై తెలుగున బుట్టిన సామెతలు మన మెరుగనివి కావు. అవి యూరక పుట్టలేదు. మరియు వంశపారంపర్యమైన హక్కు 1984 లోనే పోయిన దనుకొనుటయు పొరపాటు. 1895 నాటి మదరాసు చట్టము ననుసరించి తండ్రి యుద్యోగము కుమారునకు దక్కుట రాజ్యాంగవిరుద్ధమని సుప్రీంకోర్టు 1960 లోనే తీర్పు చెప్పియుండెను.

కాబట్టి 1984 నాటి సంస్కరణమును పరీక్షింపవలసినవాడు మా తండ్రిగారు కాదు. అరుగు క్రింద నిలిచిన ఆ రైతు. అతని పని సులభమయ్యెనా యని అడుగవలెను. మా తండ్రిగారి దుఃఖము సత్యమే. కాని యది సంస్కరణమునకైన వ్యయమున నొక భాగమగును గాని ఫలమునకు కొలత కానేరదు. తరువాత గ్రామ పరిపాలనాధికారి యనియు, పంచాయతీ కార్యదర్శి యనియు, గ్రామ రెవెన్యూ అధికారి యనియు పేరులు మారినవి. 1985 లో తాలూకాలు పోయి సుమారు 1,100 మండలములు వచ్చి కచేరీ పల్లెకు దగ్గరయ్యెను. ఇది నిశ్చయముగా మేలు. అయినను రద్దుకు ముందు ఒక నకలుకు ఎన్ని దినములు పట్టెడిదో, ఎంత వ్యయమయ్యెడిదో ఎవరును వ్రాసిపెట్టలేదు. ముందటి కొలత లేనిచో వెనుకటి కొలత యెంత సూక్ష్మమైనను వ్యర్థము. అందుచేతనే నేటికిని ఆ విషయమున మనవారొక మాట, ఇతరులొక మాట చెప్పుచున్నారు.

మూడవది అనుమానము. ధూమమును చూచి వహ్ని నూహించుట. ఈ యూహ నిలువవలెనన్న అన్వయ వ్యతిరేకములు రెండును కావలెను. అగ్ని యున్నచోట పొగ యున్నదని చూపుట చాలదు. అగ్ని లేనిచోట పొగ లేదనియు చూపవలెను. సంస్కరణము జరిగినచోట మేలు కలిగినదని యందురు. సంస్కరణము జరుగని చోట్ల నేమయ్యెనో చెప్పరు. వర్షములు కురిసి, ధరలు పెరిగి, సెల్‌ఫోనులు వచ్చి, అన్నిచోట్లను మేలు కలిగియుండవచ్చును గదా!

ఈ న్యాయమును చక్కగా పాటించిన పరీక్ష యొకటి మన తెలుగునేలపైననే జరిగినదని చెప్పుటకు సంతోషించుచున్నాము. ఉపాధిహామీ కూలిని, సామాజిక పింఛనులను వ్రేలిముద్రల స్మార్టుకార్డుల మూలముగా చెల్లింపవలెనని ఆంధ్రప్రదేశ ప్రభుత్వము సంకల్పించినపుడు, కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ అను అర్థశాస్త్రజ్ఞులు ప్రభుత్వముతో నొక యొడంబడిక చేసికొనిరి. 8 జిల్లాలలో, సుమారు 1 కోటి 90 లక్షల జనాభా గల ప్రదేశమున, ఏ మండలమున ముందు, ఏ మండలమున వెనుక ప్రవేశపెట్టవలెనో చీట్లు వేసినట్లు నిర్ణయించిరి. 112 మండలములలో 2010 నుండి ముందుగా కార్డులిచ్చిరి. 45 మండలములలో చివరకు ఇచ్చునట్లు నిలిపియుంచిరి. ఆ పిదప రెండేండ్లకు రెండు తెగల గ్రామములకును పోయి, కచేరీ లెక్కలను గాక కూలివారినే ప్రశ్నించిరి. కార్డులు వచ్చినచోట కూలి త్వరగా అందినది; దానికై వేచియుండు కాలము తగ్గినది; దారిలో మాయమగు ధనము తగ్గినది. ప్రభుత్వము చేసిన వ్యయము పెరుగకయే కూలివాని చేతికి వచ్చినది పెరిగినది. పాతపద్ధతికంటె నిదే మేలని లబ్ధిదారులలో అత్యధికులు చెప్పిరి. ఇది 2016 లో అమెరికా అర్థశాస్త్ర పత్రికలో ప్రకటింపబడినది.

ఇందొక విశేషము కలదు. కార్డులు పనిచేయుట లేదని పై కచేరీలకు ఫిర్యాదులు చేరుచుండెను. నష్టపడిన మధ్యవర్తికి పైవారి చెవి సమీపము. లాభపడిన కూలివాడు మౌని. అడిగినగాని చెప్పడు. కావున వచ్చి చెప్పినవారి మాటను మాత్రమే విని తీర్పు చెప్పరాదు. రానివారి యొద్దకు మనమే పోయి యడుగవలెను.

నాల్గవది ఉపమానము. ఇతర దేశముల దృష్టాంతముతో పోల్చుట. 1980 నుండి బ్రిటనులో ప్రభుత్వమును వ్యాపారసంస్థవలె నడుపవలెనని పెద్ద యుద్యమము నడచెను. శాఖలను విడదీసి ప్రత్యేక సంస్థలు చేసిరి; లక్ష్యములు నిర్ణయించిరి; కొన్ని పనులు ప్రైవేటువారికి గుత్త కిచ్చిరి. తక్కువ వ్యయముతో ఎక్కువ పని యనునది నాటి ప్రతిజ్ఞ. ముప్పదేండ్ల యనంతరము క్రిస్టఫర్ హుడ్, రూత్ డిక్సన్ అను పండితులు లెక్కలు తీసి 2015 లో నొక గ్రంథము ప్రకటించిరి. వారు తేల్చిన దేమనగా, కేంద్రప్రభుత్వపు నిర్వహణవ్యయము తగ్గకపోగా పెరిగెను. పౌరుల ఫిర్యాదులును, కోర్టు వ్యాజ్యములును పెరిగెను. మరియు లెక్కలు వేయు పద్ధతిని మాటిమాటికి మార్చుటచే, ముందు వెనుకలను పోల్చుటయే దుస్సాధ్య మయ్యెనని వారు చెప్పిరి. కొలబద్దను మార్చుచు పోయినచో గుడ్డ పెరిగెనో తరిగెనో తెలియ దనుటకు ఇంతకంటె నిదర్శనమేల?

ఉపమానమునకు దూరదేశమే యక్కరలేదు. ‘కార్డు’ వచ్చిన కాలముననే హైదరాబాదు మహానగర నీటిసరఫరా, మురుగునీటి పారుదల మండలియందును సంస్కరణము జరిగెను. 155313 అను ఫోను సంఖ్యకు పౌరుడు ఫిర్యాదు చెప్పిన, అది వీథిలోని పనివాని దయపై నాధారపడక నమోదై, పై యధికారి దృష్టికి పోవునట్లు చేసిరి. ఆ కేస్లీ పండితుడే దీనిని పరిశీలించి, ఇచ్చట నిజముగా సేవ మెరుగుపడెనని 2003 లో వ్రాసెను. ప్రభుత్వ మొక్కటే, కాలమొక్కటే, పరీక్షకుడును ఒక్కడే, ఫలములు రెండు. మాకు తోచిన కారణమిది. ఒకచోట క్రొత్త యంత్రము పాత గుమాస్తా చేతికే వచ్చెను. వేరొకచోట పౌరుని మాట లెక్కలోని కెక్కెను.

ఇక నీ నాలుగు ప్రమాణములను మన కండ్లయెదుట జరిగిన యొక సంస్కరణమునకు వర్తింపజేసి చూతము. 2020 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ గ్రామ రెవెన్యూ అధికారుల పదవులను రద్దు చేసెను. ఆ యేడు అక్టోబరు 29 వ తేదీన ‘ధరణి’ ప్రారంభమయ్యెను. తహశీలుదారు కచేరీలోనే వ్యవసాయభూమి రిజిస్ట్రేషనును, పేరు మార్పును ఒకేనాడు జరుగునట్లు ఏర్పాటు చేసిరి. రికార్డు నిర్దుష్టముగా నున్నవానికి ఇది గొప్ప మేలు. ఎన్నో నెలల తిరుగుడు ఒక్క పూటలో తీరినది. దీనిని కాదనుట యన్యాయము. కాని రికార్డులో తప్పు పడినవాని గతి యేమి? పేరు తప్పినవాడు, విస్తీర్ణము తగ్గినవాడు, తన పట్టాభూమి నిషిద్ధభూముల పట్టికలో చేరినవాడు ఎవరితో చెప్పుకొనవలెను? గ్రామమున నధికారి లేడు. రెవెన్యూ కోర్టులు రద్దయ్యెను. తహశీలుదారునకు సవరించు నధికారము కొరవడెను. సగటు లెక్క తీసినచో సంస్కరణము జయప్రదమే. ఆ సగటులో తప్పుపడినవాని యిల్లు కనబడదు. ఒకే యౌషధము ఒకనికి ఆరోగ్యమును, వేరొకనికి వికారమును కలిగించినపుడు, ఇరువురిని కలిపి సగము స్వస్థత యని చెప్పు వైద్యు డుండునా?

తుదకు 2025 ఏప్రిలులో ‘భూభారతి’ చట్టము అమలులోనికి వచ్చి, తప్పులను సవరించుటకును, అప్పీలు చేసికొనుటకును ద్వారములు తెరచెను. అదే సంవత్సరమున గ్రామ పాలనాధికారులను మరల నియమించిరి. అనగా నైదేండ్లలో గ్రామమునుండి యుద్యోగిని తొలగించి, తిరిగి తెచ్చుకొనుట జరిగెను. 1984 లో పోయినదానిని, 2020 లో పోయినదానిని, 2025 లో వచ్చినదానిని చూడగా మాకు తోచునది, ఉద్యోగి యుండుటయా పోవుటయా యనునది అసలు ప్రశ్న కాదని. అతని తప్పును దిద్దు ద్వారము పౌరునకు దగ్గరగా నున్నదా లేదా యనునదే ప్రశ్న. మనిషి చేసినను, యంత్రము చేసినను తప్పు తప్పే. దిద్దుబాటు లేని చోట రెండును సమానమే.

దిద్దుబాటును గూర్చి యింకొక మాట. ఉపాధిహామీ పనులలో 2006 నుండి ఆంధ్రప్రదేశమున సామాజిక తనిఖీ జరుపుచు, ఊరి యువకులచేతనే లెక్కలు చదివించి, బహిరంగసభలో నిజానిజములు తేల్చిరి. దేశమునకే ఇది మార్గదర్శక మయ్యెను. అయితే దీనిని పరిశీలించిన పండితులు, దోషము బయటపడినను పోయిన ధనములో నధికభాగము తిరిగి రాలేదనియు, శిక్ష పడుట యరుదనియు, సులభముగా పట్టుబడు మోసము తగ్గి, పట్టుబడని మోసము పెరిగెననియు చూపిరి. పరీక్ష చేయుట యొకయెత్తు. పరీక్షాఫలమును ఆచరణలో పెట్టుట యొకయెత్తు. పిల్లవాని జవాబు పత్రమున తప్పులకు ఎఱ్ఱగీతలు గీచి, అతనిచే దిద్దింపక వదలిన ఉపాధ్యాయుని పని పూర్తికాదు. ఇది మాత్రము మేము అధికారముతో చెప్పగలము.

సోదరులారా! ఇక మన సభ చేయవలసిన దేమి? మన మింతవరకు చేయుచున్నది రెండు. ఒకటి, ప్రభుత్వమును నిందించు తీర్మానము. రెండు, కచేరీలో మనవాడెవడైన నున్నాడా యని వెదకి, అతని మూలమున పని జరిపించుకొనుట. మొదటిదానివలన నుపకారము లేదు. రెండవదానివలన అపకారమే కలదు. మనవాడు మనకు ముందు చేసిన పని, వరుసలో నిలిచిన వేరొకనికి ఆలస్యమగును. అది గుమ్మడికాయకు మారురూపము. మనవాడు లేని కచేరీలో మన వితంతువును అట్లే వరుస చివరకు నెట్టుదురు. అప్పుడు మొరపెట్టుకొను నర్హత మనకుండదు.

దానికి బదులుగా మే మొక్క సామాన్యమైన పని సూచించుచున్నాము. ప్రతి గ్రామశాఖయందును నొక పుస్తకము నుంచుడు. కచేరీకి పోయిన ప్రతివాని యనుభవమును అందు వ్రాయుడు. ఏ పనికి పోయెను, ఎన్ని మారులు పోయెను, మొత్తము ఎంత వ్యయమయ్యెను, తుదకు పని జరిగెనా. ఈ నాలుగే గడులు. తిరస్కరింపబడిన యర్జీని పరిష్కార మని వ్రాయకుడు. పని సుఖముగా జరిగినపుడును వ్రాయుడు; మేలును దాచి కీడునే వ్రాసిన పుస్తకమునకు ప్రామాణ్యము లేదు. మనవారి యనుభవమునే కాక, ఇరుగుపొరుగు కులములవారి యనుభవమును, ముఖ్యముగా కచేరీలో పరిచయము లేని నిరుపేద యనుభవమును అడిగి వ్రాయుడు. మన యరుగు క్రింద నిలిచినవాని మాట లేని పరీక్ష మరల మన యరుగుమీది పరీక్షయే యగును. ఏడాది కొకసారి ఆ పుస్తకమును మండలాధికారికి చూపుడు. 2005 నాటి సమాచారహక్కు చట్టము క్రింద కచేరీ లెక్కలను తెప్పించి, రెండింటిని ప్రక్కప్రక్కన నుంచి చూడుడు. తేడా యున్నచోటనే సంస్కరణమునకు పని యున్నది.

మన కులమున నుద్యోగులైన సోదరులకు మా విన్నపము వేరొకటి. ఈ పుస్తకము మీపై కత్తి కాదు. తిరస్కరించుటకు ముందు అర్జీదారుని పిలిచి, కొరవడిన కాగితములన్నిటిని ఒకేమారు చెప్పుడు. అట్లు చెప్పిన యుద్యోగి యొక్కడున్నను మా వదినగారికి మూడు ప్రయాణములు తప్పియుండెడివి. ఇందుకు చట్టము మార్చనక్కరలేదు. క్రొత్త యంత్రమును కొననక్కరలేదు.

మా తండ్రిగారు కడపటి దినములలో ఒకనాడు మాతో, ‘నేను అప్పగించిన సంచులను మరల విప్పిరో లేదో’ అనిరి. ఆ మాటకు నాడు మేము బదులు చెప్పలేకపోతిమి. నేడైనచో నిట్లు చెప్పుదుము: సంచులు విప్పిరా లేదా యని అడుగవలసినది మనము కాదు; ఆ లెక్క కావలసి వచ్చిన రైతు. అతడు ఒక్కమారు పోయి, రిక్తహస్తములతో తిరిగి రాకుండిననాడు ఆ సంస్కరణము ఫలించిన దని మేమును సంతోషముతో నొప్పుకొందుము. అంతవరకు ఏ ప్రభుత్వమునందైనను ప్రకటనను నమ్మి పొగడకుండ, పగబట్టి తెగడకుండ, వ్రాసికొని చూచుటయే మన విధి.